మిరప కల్లంలో జెట్ ఇంజిన్

మంగళగిరి

బుల్లయ్య బాబాయ్‌కి నమస్కారం.

రెండు రోజులుగా మీరు ఫోన్ చేస్తుంటే ఎత్తడానికి మొహం చెల్లక ఈ ఉత్తరం రాస్తున్నాను.

చిన్నప్పుడు మీరు కొనిచ్చిన పుస్తకంలో జెట్ ఇంజిన్ కనిపెట్టినాయన జీవితం చదివే కదా నాకీ పిచ్చి పట్టింది. ఆయన్ని ఏళ్ళ తరబడి ఎవరూ నమ్మలేదట. నేను చేసిన బుల్లి ఇంజిన్‌ని మీరు చూడకుండానే నమ్మారు. "మన కల్లంలోనే నడపరా, ఊరంతా చూస్తారు" అన్నారు.

దుమ్మూ తొడిమలూ ఇంజిన్‌లోకి పోకూడదని దాని నోటిని చేను వైపు తిప్పాను. గాలి చిమ్మే తోక కల్లంలో ఆరబోసిన మీ మిరపకాయల వైపు తిరిగింది. అది నేను గమనించకపోలేదు బాబాయ్. "కాయల మీద పట్టాలు కప్పమంటావా అబ్బాయ్?" అని పిన్ని అడిగింది కూడా. "అక్కర్లేదు పిన్నీ, గాలి అంత దూరం రాదు" అన్నాను.

ఎండిన కాయలన్నీ లేచిపోయి కల్లానికి అవతలి వైపున్న పత్తిచేను ఎర్రబడింది. చూడ్డానికొచ్చిన జనం దగ్గుతూ పరుగెత్తారు. పిన్ని కొంగుతో కళ్ళు అదుముకుని కూలబడింది. నేను మాత్రం ఇంజిన్ నడిచిందని నవ్వుతూ నిలబడ్డాను. మీరు దగ్గుతూనే వచ్చి, "ఇంజిన్‌కేం కాలేదు కదరా?" అని అడిగారు.

ఏం కాలేదు బాబాయ్. దాన్ని దుప్పట్లో చుట్టి, కారులో పెట్టుకుని, మీ గడప తొక్కకుండానే వచ్చేశాను.

మీరు నా ఇంజిన్ గురించి అడిగారు. నేను అడగాల్సింది అడగకుండా వచ్చాను. ఇప్పుడు అడుగుతున్నాను.

పిన్ని కళ్ళు ఎలా ఉన్నాయి?