తెరుచుకోని లైసెన్సు

ఆదివారం రాత్రి, శ్రీకాకుళం.

అక్క మొగుడు అప్పన్న బావ చేపల వేట నుంచి నేరుగా మా ఇంటికి వచ్చాడు. ఫోన్‌లో కాసినో ఆట చూపించి, "ఇది నిజమైనదో కాదో సూడు గౌరీ, నీకు కంప్యూటర్ తెలుసు కదా" అన్నాడు.

పేజీ అడుగున లైసెన్సు ముద్ర ఉంది. నొక్కితే ఏమీ తెరుచుకోలేదు, అది ఉత్త బొమ్మ. లైసెన్సు ఇచ్చిందని రాసిన సంస్థ జాబితాలో వెతికితే ఈ ఆట పేరే లేదు.

"దొంగది బావా, ఆడకు" అన్నాను.

బావ ఫోన్ వెనక్కి తీసుకున్నాడు. తర్వాత, "మరి గెలిసిన డబ్బులు బయటికి తియ్యాలంటే ఏటి సెయ్యాలి?" అని అడిగాడు.

ఎంత పెట్టావన్నాను.

"వల కొనడానికి దాసిందంతా. మీ అక్కకి సెప్పకు."

రేపు వల కొనడానికి తోడు రమ్మని అక్క ఇవాళ పొద్దున్నే ఫోన్ చేసింది. వస్తానన్నాను.