కూత ఆపొద్దన్న కోచ్

జూన్ 2006, ఆదివారం రాత్రి

మా ఇండియా రగ్బీ టీమ్ కోచ్ గారు ఇవాళ టీముని వదిలి వెళ్లిపోయేరు. ఎవరితో ఆడినా ఓడిపోయే మమ్మల్ని కప్పు గెలిపించి మరీ వెళ్లేరు.

మొదటి క్యాంపులో బంతి పట్టుకుని పరిగెడుతూ, ఊళ్లో అలవాటు కొద్దీ "కబడ్డీ కబడ్డీ" అని కూత పెట్టేసేను. అందరూ పడీపడీ నవ్వేరు. ఆయన మాత్రం, "కూత ఆపకు, నీ పరుగంతా అందులోనే ఉంది" అన్నారు. కప్పు గెలిచిన రోజు టీమంతా అదే కూత!

కొత్త కోచ్‌కి అది నచ్చకపోతే ఏటి సెయ్యాలి? సాయంత్రం ఇక్కడ అనకాపల్లి కాలేజీ గ్రౌండులో నోరు మూసుకుని పరిగెత్తి చూసేను. సగంలోనే కాళ్లు బరువెక్కి ఆగిపోయేను.

గట్టు మీద కూర్చున్న మా పాత కబడ్డీ కెప్టెన్ సూరిబావ అరిచేడు: "కూత లేదేటి బావా? ఔట్!"