వలెంటీ మారుసాక్ 1913లో చనిపోలేదు

మండల జనన మరణ నమోదు అధికారి గారి సముఖమునకు, జవీల్చే గ్రామ కాపురస్థుడు, రైల్వే సిగ్నల్ శాఖలో పనిచేసి విరమించిన సెవెరిన్ షారెక్, వయస్సు 66, రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: 1913వ సంవత్సరపు మరణాల రిజిస్టరులో 27వ నమోదు అబద్ధమని తెలియజేసి, దానిని రద్దు చేయించ కోరుట గురించి.

1. గత సెప్టెంబరులో బ్రెజిల్ దేశము నుండి లెయొకాదియా మారుసాక్ అను 71 ఏళ్ల స్త్రీ, తన తాత వలెంటీ పుట్టిన ఊరు వెతుక్కుంటూ మా గ్రామమునకు వచ్చినది. ఆమె వద్ద తాతగారి బాప్తిస్మ పత్రం నకలు, ఒక ఫోటో తప్ప మరేమీ లేవు. ఊళ్లో బస దొరకనందున మా ఇంట దిగినది. పోలండులో అడుగుపెట్టడం అదే మొదలైనా, ఆమె మాట అచ్చం మా నానమ్మ రొజాలియా మాటే. ఆ పాత మాటలు ఇప్పుడు మా ఊళ్లో ఎవరి నోటా లేవు. ఆమె వంటింట్లో మాట్లాడుతుంటే నేను పక్కగదిలో కూర్చుని వినేవాడిని.

2. సదరు లెయొకాదియాను తమ కార్యాలయమునకు నేనే తీసుకువచ్చితిని. గుమాస్తా అమ్మాయి, రష్యా ఏలుబడి నాటిది కనుక రష్యన్ భాషలో ఉన్న పాత రిజిస్టరు చదివి చెప్పినది: వలెంటీ మారుసాక్, 1911లో బ్రెజిల్ వెళ్లి, అక్కడ జ్వరముతో మరణించెను. భార్య రొజాలియా. సాక్షి, గ్రామ పెద్ద ఒనుఫ్రీ షారెక్.

"మీ నాన్నగారు పుట్టింది 1921లో అంటున్నారు. ఎనిమిదేళ్ల కిందట పోయిన మనిషికి కొడుకెలా పుడతాడమ్మా? మీ తాత ఇంకెవరో. ఈ పేరు పెట్టుకుని ఉంటాడు."

"మరి నాకు తొమ్మిదేళ్లొచ్చేదాకా భుజాన వేసుకు తిప్పిందెవరే తల్లీ? దయ్యమా?"

అక్కడున్నవారు నవ్విరి. లెయొకాదియా కూడా నవ్వబోయి, నా వైపు తిరిగినది. "నువ్వైనా చెప్పు సెవెరిన్."

నేను తల వంచుకుంటిని.

3. కారణము మనవి చేయుచున్నాను. 1988లో మా ఇంటి పాత పొయ్యి పడగొట్టించినప్పుడు, దాని వెనుక గోడలో ఒక రేకు డబ్బా దొరికినది. అందులో వలెంటీ బ్రెజిల్ నుండి భార్యకు రాసిన నాలుగు ఉత్తరములు, ఆమె పేరిట ఒక ఓడ టికెట్టు ఉన్నవి. ఆ కాలమున ఊరి ఉత్తరాలన్నీ గ్రామ పెద్ద చేతికే వచ్చెడివి. సదరు ఒనుఫ్రీ షారెక్ మా తాత. ఉత్తరాలు దాచి, నీ మొగుడు పోయాడని ఆమెకు చెప్పి, పాద్రీ ఎదుట ప్రమాణము చేసి, మరుసటి ఏడు తానే ఆమెను పెళ్లాడెను. మా తండ్రి వారి కుమారుడు.

చివరి ఉత్తరముపై 1914 ఏప్రిల్ తేదీ ఉన్నది. అందులో ఇట్లున్నది: "రాకపోతే పోనీ రొజాలియా. కోపమైతే కోపమని రాయి. బతికున్నావో లేదో, అదొక్కటి చెప్పు."

లెయొకాదియా చెప్పినదానిని బట్టి, ఆరేళ్లు చూసి, భార్య పోయిందని చెప్పుకుని అతడక్కడ మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. 1954 వరకు బతికాడు. మా నానమ్మ మాత్రం ఏటా మృతుల పండుగకు అతని పేర కొవ్వొత్తి పెట్టేది. గాలికి ఆరిపోకుండా నా టోపీ అడ్డం పెట్టమనేది.

4. లెయొకాదియా మర్నాడే ప్రయాణమైనది. బస్సు దగ్గర నాతో అన్నది: "మా తాత ఎవరో తెలుసుకుందామని ఇంత దూరం వచ్చాను. ఎవరూ కాదని తెలిసింది. ఉంటా నాయనా, తిండి పెట్టావు, చల్లగా ఉండు."

అప్పుడు కూడా ఆ డబ్బా నా బీరువాలోనే ఉన్నది. బస్సు కదిలేదాకా చెబుదామనే అనుకున్నాను. చెప్పలేదు. ఇది రాయడానికి నాకు మూడు కాగితాలు పాడయ్యాయి.

జనవరిలో ఆమె కూతురు ఉత్తరం రాసింది. అమ్మ పోయిందట. సమాధి రాతి మీద లెయొకాదియా అని మాత్రమే చెక్కించమని, ఇంటిపేరు మనది కాదు కనుక వద్దని చెప్పి పోయిందట. "మా అమ్మకి అక్కడ ఏం చెప్పారండీ?" అని అడిగింది. ఆ అమ్మాయికి ఇంకా జవాబు రాయలేదు.

5. నా చెల్లెలు అపొలోనియాకు ఈ అర్జీ సమ్మతము కాదు. "వందేళ్ల నాటి సంగతి తవ్వి, నాన్నని అక్రమ సంతానం చేస్తావా అన్నయ్యా? రేపు మన పిల్లలు ఊళ్లో తలెత్తుకోవద్దా?" అని ఏడ్చినది. ఆమె అన్నది నిజమే. నమోదు రద్దయితే నానమ్మ రెండో పెళ్లి చెల్లదు. తెలిసే అడుగుచున్నాను.

కావున, జతపరచిన ఉత్తరములు, ఓడ టికెట్టు పరిశీలించి, సదరు నమోదు రద్దు చేయించి, ఆ ఉత్తర్వు నకలు బ్రెజిల్‌లోని ఆమె కుమార్తెకు తక్షణమే పంపించగలరు. రాయి మీద ఇంకా చోటు ఉన్నదట. ఎవరి బలవంతమూ లేక, ఇరవై తొమ్మిదేళ్లు ఆలస్యముగా చేసుకొన్న ఈ మనవిని చిత్తగించవలెను.

తమ విధేయుడు,
సెవెరిన్ షారెక్
జవీల్చే, 14 మార్చి 2017

తా.క. ఒక మాట, అయ్యా. నాకు ఆరేళ్లప్పుడు గొంతు వాచి ఊపిరాడకపోతే, ఒనుఫ్రీ తాత నన్ను వీపున కట్టుకుని మంచులో ఏడు కిలోమీటర్లు నడిచి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. అప్పటికి ఆయనకు డెబ్బై ఏళ్లు. దారి పొడుగునా "పడుకోకురా, నాతో మాట్లాడు" అంటూనే ఉన్నాడు. ఆయన చేసింది ఉన్నదున్నట్టు రాయండి. దుర్మార్గుడు అనే మాట మాత్రం రాయకండి. బతిమాలుకుంటున్నాను.