మంట తెలియని అరికాళ్లు

మిర్యాలగూడ,
ఆదివారం మధ్యాహ్నం

పెన్‌పహాడ్‌లో ఉన్న నాగమ్మక్కకు తమ్ముడు సైదులు రెండు చేతులు జోడించి రాస్తున్న మాటలు. ఇక్కడ నేనూ సునీతా బాగానే ఉన్నాం. నువ్వు, బావ, కవిత ఎట్లా ఉన్నారు? నీ మోకాళ్ల నొప్పి తగ్గిందా? బావ బీడీలు మానేశాడా, లేక బర్రెల కొట్టం వెనక దాచుకుని తాగుతున్నాడా?

ఫోన్ ఉండగా ఉత్తరం ఏమిటని నవ్వుతావు. ఫోన్లో నేను రెండు మాటలు చెప్పేలోపు "సరే తియ్ తమ్మీ, బర్రె అరుస్తుంది" అని పెట్టేస్తావు. ఉత్తరాన్ని అట్లా పెట్టేయలేవు. కవిత చదవడం అయ్యేదాకా కూర్చోవాల్సిందే. నీకు ఒక ముచ్చట చెప్పాలి. మొదటి నుంచి చెప్తేనే అది నీకు ఎక్కుతుంది, కాబట్టి కాస్త ఓపిక పట్టు.

బోరు ఎండిపోయి మేం ఇక్కడికి వచ్చి ఎనిమిది నెలలైంది. నేను పనిచేసే బియ్యం మిల్లు వెనక గల్లీలో ఒక్క గది కిరాయికి తీసుకున్నాం. పొద్దున కళ్లు తెరవగానే ఉడికిన వడ్ల వాసన వస్తుంది. మొదట్లో ఆ వాసనకు అన్నం సయించేది కాదు. ఇప్పుడు అది రాకపోతే ఈరోజు మిల్లు సెలవని తెలుస్తుంది. మనుషులు మంచివాళ్లే. కానీ ఊళ్లో లాగా అరుగు మీద నుంచి "ఏరా సైదులూ, యాడికి?" అని అడిగేవాళ్లు లేరు. ఎవరూ అడగకపోతే మనిషికి తానెక్కడికి పోతున్నాడో తనకే పట్టనట్టు ఉంటుంది.

పెద్ద మిల్లుల్లో వడ్లను యంత్రాలే ఆరబెడతాయి. మాది పాత మిల్లు. ఉడికిన వడ్లను సిమెంటు కల్లం మీద పరిచి ఎండబెడతాం. ఒకే తీరుగా ఎండాలంటే వాటిని తిప్పుతూ ఉండాలి. తిప్పేది కాళ్లతోనే. అరికాళ్లు వడ్లలోకి దించి, ఈడ్చుకుంటూ ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తాం. వెనక చాలు పడుతుంది. మళ్లీ దాని పక్కనుంచి రావాలి. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అదే పని. ఎవరూ చెప్పులు వేసుకోరు. వడ్లంటే లక్ష్మి కదా, చెప్పులతో తొక్కరు.

షుగర్ సంగతి అడుగుతావని చెప్తున్నాను. మాత్రలు తప్పడం లేదు. రోజంతా వడ్లలో నడిచి, ఇంటికొచ్చి జొన్నరొట్టె తింటున్నాను. ఒకరోజు మాత్ర వేసుకుని, పని ఎక్కువుందని పదకొండు దాకా ఏమీ తినలేదు. చేతులు వణికాయి, చెమటలు పట్టాయి. మాతో పనిచేసే ఈరమ్మ పెద్దమ్మ చక్కెర దండిగా వేసిన చాయ్ తాగించింది. అప్పటినుంచి వేళకు తింటున్నాను, జేబులో బిస్కెట్ పుడ కూడా పెట్టుకుంటున్నాను. ఇవన్నీ చేస్తున్నాను కదా, పైగా ఇంత నడుస్తున్నాను కదా, కష్టం చేసేవాణ్ణి షుగర్ ఏం చేస్తుందిలే అనుకున్నాను.

ఎండలు ముదిరాక మధ్యాహ్నానికి కల్లం పెనంలా కాలేది. అందరూ నాలుగడుగులు వేసి నీడకు ఉరికేవాళ్లు. తడి గోనెసంచి మీద నిలబడి మళ్లీ వచ్చేవాళ్లు. నేను మాత్రం ఆగకుండా తిరిగేవాణ్ణి. "సైదులన్నవి కాళ్లు గావురా, గునపాలు" అని మేస్త్రీ అందరికీ చూపించేవాడు. నాకు గర్వంగా ఉండేది. నీకు ఫోన్ చేసి చెప్పాను, గుర్తుందా? అప్పుడు నువ్వేమన్నావు?

"నాకు గూడ గంతేరా. మొన్న తుమ్మముల్లు ఇరిగి రెండు దినాలు కాల్ల ఉన్నా నాకు తెల్వనే తెల్వలే. మనకు అమ్మ పోలిక వచ్చింది."

ఇద్దరం నవ్వుకున్నాం.

అది జరిగిన పది రోజులకు, నేను స్నానం చేసి వస్తుంటే సునీత నేల వైపు చూసి ఆగిపోయింది. "గదేంది, గచ్చు మీద నెత్తురు?" అంది. ఎవరిదో అనుకున్నాను. కాలు ఎత్తి చూస్తే నాదే. బొటనవేలి కింద గుంట పడి చీము పట్టింది. లోపల దబ్బనం ముక్క ఉంది. బస్తాలు కుట్టేటప్పుడు విరిగి వడ్లలో పడి ఉంటుంది. అది ఎప్పుడు దిగిందో నాకు తెలియదు. దాంతోనే ఎన్ని రోజులు కల్లమంతా తిరిగానో కూడా తెలియదు.

సర్కారు దవాఖానకు పోయాం. డాక్టరమ్మ ముక్క తీసి, కడిగి, కట్టు కట్టింది. తర్వాత "కళ్లు మూసుకోండి. మీ కాలివేళ్ల కొసలు మెల్లగా తాకుతాను. తాకినప్పుడల్లా చెప్పండి" అంది. కళ్లు మూసుకుని కూర్చున్నాను. ఫ్యాన్ చప్పుడు వినిపిస్తోంది. ఆమె ఏమీ చేయడం లేదు. చాలాసేపు చూసి నేనే అన్నాను.

"ఇగ మొదలువెట్టండి మేడం."

"అయిపోయింది సైదులు గారూ" అంది.

కళ్లు తెరిచేసరికి సునీత నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఉంది. పది వేళ్లూ తాకిందట డాక్టరమ్మ. రెండుసార్లు తాకిందట. షుగర్ వల్ల నరాలు మొద్దుబారాయని, నా కాళ్లకు బలం వచ్చి కాదు, స్పర్శ పోయి మంట తెలియడం లేదని చెప్పింది. ఇంకో వారం ఆగి ఉంటే వేలు తీసేయాల్సి వచ్చేదట. అక్కా, నాకు అప్పుడు భయం వేసింది. ఆ తర్వాత సిగ్గేసింది. గునపాలని అంటే మురిసిపోయాను కదా.

ఇంటికొచ్చాక అమ్మ గుర్తొచ్చింది. పొయ్యి దగ్గర నిప్పు తొక్కినా అమ్మ ఉలిక్కిపడలేదని ఊరంతా చెప్పుకున్నాం. ఆ తర్వాత కాలికి పుండయితే ఎవరి దిష్టో తగిలిందని ఎర్రనీళ్లు తీశాం. వేలు పోయింది, పాదం పోయింది, చివరికి అమ్మే పోయింది. అమ్మకు షుగర్ చూపించాలని మనలో ఒక్కరికీ తట్టలేదు. ఆ పోలికను మనం గొప్పగా చెప్పుకుంటున్నామక్కా.

ఐదు వారాలకు పుండు మానింది. అన్ని రోజులూ మిల్లులో కూర్చునే పని ఇచ్చారు, బస్తాలకు చీటీలు కట్టాను. డాక్టరమ్మ నడక మానమనలేదు. నడవమంది, కానీ ఉత్త కాళ్లతో ఒక్క అడుగు కూడా వేయొద్దంది, ఇంట్లో కూడా. మరి కల్లంలోకి షూలు వేసుకుని ఎట్లా దిగను? అడకత్తెరలో పోకచెక్క అయ్యాను. షూలు చేత్తో పట్టుకుని కల్లం అంచున నిలబడితే ఈరమ్మ పెద్దమ్మ ఒంటికాలి మీద లేచింది.

"లచ్చిమి మీద తోలు చెప్పులా? కండ్లు పోతయిరా!"

"కండ్లు కాదు పెద్దమ్మా, కాళ్లు పోతున్నయి" అని పుండు మానిన చోటు చూపించాను.

ఆమె వంగి చాలాసేపు చూసింది. లేచి లోపలికి పోయింది. వాళ్లాయన కూడా కాలు తీయించుకునే పోయాడని తర్వాత తెలిసింది. మర్నాడు పసుపు, కుంకుమ తెచ్చింది. తోలువి వద్దంది, గట్టి అడుగున్న గుడ్డ షూలు కొత్తవి కొనిపించింది. వాటికి కొత్త బండికి పెట్టినట్టు బొట్లు పెట్టి, "ఇగ ఇయ్యి కల్లంకే. బయటికి ఏసుకపోయినవో, సూడు మల్ల" అని వేలు చూపించింది. కల్లంలో అందరూ ముక్కున వేలేసుకున్నారు. ఇప్పుడు నేను కాళ్లు ఈడ్చడం లేదు. పొడుగు కర్రకు చెక్క పలక బిగించుకుని వడ్లు తిప్పుతున్నాను. గునపాలన్న మేస్త్రీ ఇప్పుడు నన్ను పెండ్లికొడుకా అని పిలుస్తున్నాడు, పిలవనీ.

రోజూ స్నానమయ్యాక సునీత నేల మీద అద్దం పెడుతుంది. అరికాళ్లు, వేళ్ల సందులు చూసుకుంటాను. "పెండ్లిచూపుల్ల నా మొఖం గూడ గింతసేపు సూడలే నువ్వు" అంటుంది. ఈసారి పరీక్షలో షుగర్ కొంచెం దిగింది. నేను బాగానే ఉన్నాను, నా గురించి పరేషాన్ కావొద్దు. నిజంగానే బాగున్నాను.

నా పరేషాన్ నీ గురించే. నువ్వు పొలం ఒరం గట్ల మీదికి ఉత్త కాళ్లతోనే పోతావు. చెప్తే వినవు, నువ్వు పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. అందుకని నీతో కాదు, నీ బిడ్డతో మాట్లాడుతున్నాను.

కోడలా, కవితా, ఇక్కడ చదవడం ఆపు. మీ అమ్మ కాళ్లు కడుగు. కళ్లు మూసుకోమను. వేళ్ల కొసలు ఒక్కొక్కటి నీ వేలితో తాకు. నొక్కకు, గోకకు, ఈగ వాలినట్టు తాకు. ఎన్నిసార్లు తాకావో, ఎన్నిసార్లు "ఆఁ" అందో లెక్కపెట్టు. ఒక్కటి తక్కువైనా రేపు పొద్దున బస్సుకే సూర్యాపేట దవాఖానకు తీసుకుపో. కలుపు ఉందంటుంది, బర్రె ఉందంటుంది, వినకు. లెక్క సరిపోయినా సరే, చెప్పులు కొనిచ్చి బొట్టు పెట్టు.

అక్కా, వచ్చేవారం కవిత చేత రెండు కిలోల పచ్చజొన్నలు పంపు, ఇక్కడివి రుచిగా లేవు. పెద్దనాయనకు నా దండాలు చెప్పు. బావకు, బీడీలు మానేస్తేనే దండాలని చెప్పు.

దూరం నుంచి నీ కాళ్లకు మొక్కుతున్నాను, నన్నూ సునీతనూ దీవించు. పండగకు వచ్చి దగ్గరుండి మొక్కుతాను. అప్పుడు నువ్వు కళ్లు మూసుకోవాలి. నా చెయ్యి నీ పాదాల మీద ఉన్నప్పుడు, "ఇగ మొక్కు తమ్మీ" అని మాత్రం అనకు.

నీ తమ్ముడు
సైదులు