వంక దగ్గర ఆపిన ఆటో

అక్టోబర్ 14
మూడో రోజూ ముసురే. బడికి పదకొండు మందే వచ్చారు. గదిలో ఆరేసిన చీర ఆరదు. బడి వదిలాక నాతో మాట్లాడింది రేడియో ఒక్కటే — కోలారు జిల్లాకు భారీ వర్షమట.

అక్టోబర్ 15, శనివారం
రేపటి ఆరాధనకని కేజీఎఫ్‌ బయల్దేరాను. చర్చి మెట్ల మీదైనా ఎవరో ఒకరు పలకరిస్తారు. క్యాసంబళ్ళిలో ఆటో ఎక్కితే పక్కన రత్నమ్మ, మా వీధి చివరింటామె. భర్త కేజీఎఫ్ ఆసుపత్రిలో ఉన్నాడు. ఒళ్లో గంజి క్యారియర్.
వంక దగ్గర వంతెన కనిపించలేదు. ఎర్రనీళ్లు పైనుంచి పారుతున్నాయి.
"ముడుకు లోతే మేడమ్, దాటించేస్తా" — డ్రైవర్ మునిరాజు.
మా ఆయన జోసెఫ్ చివరి మాటా అదే. నన్ను ఒడ్డున దింపి స్కూటర్‌తో నీళ్లలోకి... పెళ్లయిన రెండో ఏడు.
"కింద రోడ్డు ఉండాదో కొట్టుకపోయిందో నీకేం తెలుసప్పా?" తాళంచెవి లాగేశాను. రత్నమ్మ దిగి నడవబోయింది. చెయ్యి పట్టుకున్నాను.
"వదులమ్మా! ఆయప్ప నాకోసం చూస్తా ఉంటాడు!"
వదల్లేదు. మా కళ్ల ముందే ఒక బైకు నీళ్లలో దిగింది, ఊగింది, దాటిపోయింది.
నీళ్లు తగ్గడానికి గంటన్నర. ఆసుపత్రి గేటు దగ్గర దిగిన రత్నమ్మ వెనక్కి చూడలేదు.

అక్టోబర్ 16
రత్నమ్మ భర్త నిన్ననే పోయాడట. మేం ఒడ్డున నిలబడి ఉన్నప్పుడే.

అక్టోబర్ 17
వాళ్లింటికి వెళ్లాను. రత్నమ్మ తలెత్తలేదు. గుమ్మంలో ఎవరో — "ఆటో ఆపినది ఈయమ్మేనంట."
చెప్పులు వేసుకుని వచ్చేశాను.

అక్టోబర్ 18
అన్నం వండలేదు.

అక్టోబర్ 20
ఎండ. వంతెనకు ఒక పక్క పెద్ద గుంత బయటపడిందని మునిరాజు చెప్పాడు. "మనం పోయుంటే మేడమ్..." అని ఆగిపోయాడు.
ఆ గుంత అప్పటికే ఉందో, తర్వాత పడిందో — ఎవరికీ తెలియదు.

అక్టోబర్ 27
సాయంత్రం రత్నమ్మే వచ్చింది.
"ఒకటి చెప్పు టీచరమ్మా. ఆ పొద్దు నువ్వు పట్టుకోకుంటే ఆయప్పను చూసుందునా, వంకలో పోయుందునా?"
"తెలీదమ్మా."
"ఇంగ నేను ఎవర్ని అడిగేది?"
లోపలికి రమ్మన్నాను. రాలేదు. పోనూ లేదు. గడపకు అటు ఆమె, ఇటు నేను.