నిలబడి ఉన్న అక్షరాలు

శ్రీవారికి,

గంగరత్న నమస్కారం చేసి రాస్తున్నది. ఇక్కడ మామ, అత్తమ్మ, నేను, ఆవు, పికప్ బండి అందరం బాగానే ఉన్నాం. అంత దూరంలో, ఆ బోరు బండి మోతలో మీరు ఎలా ఉన్నారో మీ చేత్తో రాస్తేనే నాకు నమ్మకం.

మీ ఉత్తరం పిళ్ళప్ప మామ తెచ్చి ఇచ్చాడు. మళ్ళీ మీ దగ్గరికి పైపుల లారీ తోలుకుని బయలుదేరుతున్నాడట, అందుకే ఈ జవాబు ఆయన చేతికే ఇస్తున్నాను. మీరు కన్నడ బళ్ళో చదివి కూడా నాకోసం తెలుగు అక్షరాలు నేర్చుకుని రాశారు. తలకట్లు కొన్ని కన్నడలోనే ఉండిపోయాయి. వాటిని వేలితో తడుముతూ చదువుకున్నాను. ఫోన్లో మాట్లాడమంటే నాకెందుకు మాట రాదో మీకు తెలుసు. అత్తమ్మ స్పీకర్ పెట్టి మధ్యలో కూర్చుంటుంది. మీ పక్కన రిగ్గు మనుషులందరూ ఉంటారు. "తిన్నారా" అని అడిగేలోపే అక్కడెవరో నవ్వుతారు.

మీరు అడిగినవాటికి ముందు జవాబు చెబుతాను. ఆవు ఈనింది, పెయ్యదూడ. నుదుట తెల్లచుక్క ఉంది. అత్తమ్మ మోకాలి నొప్పి అలాగే ఉంది కానీ, కైవార గుడికి నడిచే పోతానని పట్టుబట్టి పోయి వచ్చింది. నేను సరిగా తింటున్నానా అని రాశారు. తింటున్నాను. మీకిష్టమని ఆకుకూర ఉడికించిన నీళ్ళతో బస్సారు చేసిన రోజు మాత్రం సంగటి ముద్ద గొంతు దిగదు. ముద్ద చల్లారకముందే ఇంకొకటి అడిగే మనిషి లేడు కదా. మామ తెల్లవారకముందే లేచి టమాటా క్రేట్లు ఎత్తి చింతామణికి బండి తోలుతున్నాడు. వచ్చాక నడుం పట్టుకుని అరుగు మీద పడుకుంటాడు. మీకు చెప్పొద్దన్నాడు. చెప్పేశాను.

ఇక టైర్ల సంగతి. పికప్ ముందు టైర్లు అరిగిపోతే కొత్తవి వేయించాడు మామ. వాటి పక్కన తెల్ల రబ్బరు అక్షరాలతో మీ పేరు అంటించాలని మీకెప్పటినుంచో ఆశ. ఫోన్లో ఫోటో కూడా పంపారు. ముందుకు వాలి, పరుగెత్తుతున్నట్టు ఉండే అక్షరాలు. కింద మళ్ళీ మీరే, "నాకు ఇవి నచ్చాయి, కానీ నువ్వు చూసి ఎంచు. మీ ఇష్టం అని మాత్రం అనొద్దు" అని రాశారు. ఆ మాట చదివి నాకు భయమేసింది. చీర రంగు అడిగినా, కూర ఏం చేయనని నేనే అడిగినా, చివరికి నా నోట వచ్చేది ఆ మాటే కదా.

మామ మార్కెట్లో క్రేట్లు దించి బండిని బయ్యప్ప టైర్ల అంగడి దగ్గర పెట్టి పోతే, అత్తమ్మా నేనూ అక్కడికి పోయాం. అత్తమ్మ పాత టైర్ల మీద కూర్చుంది. బయ్యప్ప కత్తి, జిగురు డబ్బా ముందు పెట్టుకుని, "పేరేం రాయల్లమ్మా?" అన్నాడు.

పెళ్ళిలో గడప దగ్గర మీ అక్కచెల్లెళ్ళు అడ్డం నిలబడి మీ పేరు చెప్పమంటే, నేను చెప్పింది నాకే వినబడలేదు. అంతే, మళ్ళీ మీ పేరు నా నోట రాలేదు.

"అత్తమ్మా, నువ్వు చెప్పు" అన్నాను.

"నేనెందుకు చెప్తా? నా కొడుక్కి పేరు పెట్టిందే నేను, ఒకసారి పెట్టేస్తి. ఇప్పుడు నీ మొగుడు, నువ్వే చెప్పుకో."

బయ్యప్ప నవ్వాడు. "చెప్పకపోతే నా పేరు అంటిస్తా చూడమ్మా. చింతామణి మార్కెట్టంతా బయ్యప్ప బండి అంటారు."

అక్కడ చాక్‌పీసు ఉంటే తీసుకుని కొత్త టైరు మీద మీ పేరు రాసేశాను. అత్తమ్మ బుగ్గ మీద వేలు పెట్టుకుంది. "ఓయమ్మా! నోటికి ఉండే సిగ్గు నీ చేతికి ల్యాదేమే?"

తర్వాత బయ్యప్ప బండిని జాకీతో లేపి, ముందు చక్రానికి మూడు రకాల అక్షరాలు మచ్చుకు అంటించాడు. ఒకటి లావుగా, నిటారుగా ఉంది. ఒకటి గీతల్లా సన్నగా, మధ్యలో నల్లగా ఉంది. మూడోది మీ ఫోటోలోని వాలు అక్షరం. "యాది బాగుండాది?" అన్నాడు. "మీ ఇ..." అనబోయి నాలుక కరుచుకున్నాను.

అప్పుడతను చక్రాన్ని చేత్తో గట్టిగా తిప్పాడు. లావు అక్షరం, సన్న అక్షరం, వాలు అక్షరం ఏదీ మిగల్లేదు. తెల్లటి వలయం ఒకటి గిర్రున తిరిగింది. నేను కళ్ళు చిట్లించి చూశాను, ఒక్కటీ చదవలేకపోయాను.

"తిరిగేటప్పుడు పేరు కనపడదా అన్నా?" అని అడిగాను. బయ్యప్పతో నేను పూర్తిగా మాట్లాడిన మొదటి మాట అదే.

"యాడ కనపడుతుందమ్మా? బండి నిలబడితేనే గదా పేరు చదివేది."

చక్రం మెల్లగా ఆగింది. అక్షరాలు ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. మీరు ఎంచిన వాలు అక్షరాన్ని చూశాను. చక్రం ఆగిపోయినా అది ఇంకా పరుగెత్తుతున్నట్టే ఉంది. నాకు అది నచ్చలేదు. కోపం చేసుకోకండి. బాగులేక కాదు. బండి మన వాకిట్లో ఆగినా, ఇంకెక్కడికో పోబోతున్నట్టు ఉంటుంది.

"ఇది" అని లావు అక్షరం మీద వేలు పెట్టాను. "నిలబడిన అక్షరాలు కావాల."

"నీ మొగుడు వాలువి అడిగినాడంట గదే?" అంది అత్తమ్మ.

"ఆయనే నన్ను ఎంచమన్నాడు అత్తమ్మా."

అత్తమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఇంటికి వచ్చేదాకా వదల్లేదు.

ఇప్పుడు బండి వాకిట్లో ఉంది. కల్లాపి చల్లుతూ చూస్తాను, ముగ్గు వేస్తూ చూస్తాను. పేడ చిమ్మితే కొంగుతో తుడుస్తాను. మొదట మీ పేరు నేలకు తగులుతుందేమోనని దిగులు పడ్డాను. పక్కన ఉంటుంది, తగలదు.

ఇంకొకటి ఉంది. ఇది రాయాలా వద్దా అని కాగితం పక్కన పెట్టి పోయి పాలు పితికి వచ్చాను. నిన్న మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేరు. బండి ఎక్కి మీ సీట్లో కూర్చున్నాను. సీటు మీద టమాటా వాసన ఉంది, మీ వాసన లేదు. తలుపులు వేసి, అద్దాలు ఎత్తుకుని, మీ పేరు పిలిచాను. మెల్లగా కాదు, కొంచెం గట్టిగానే. ఎవరూ పలకలేదు. ఇంకోసారి పిలిచాను. సిగ్గు వేస్తుందనుకున్నాను. ఏడుపు వచ్చింది.

మీ ఉత్తరం చివర్న, రిగ్గు యజమాని ఇంకో సీజన్ ఉండమంటున్నాడని, బోరు బండి అక్కడినుంచి ఇంకా పైకి పోతుందని రాశారు. "ఉండనా, రానా? నువ్వేమంటే అది" అన్నారు. పోయినసారి కూడా ఇదే అడిగారు. మీ ఇష్టం అన్నాను. మీరు సంచి సర్దుకున్నారు.

ఈసారి ఆ మాట రాయను. అక్కడ తిరిగింది చాలు. మామకి క్రేట్లు బరువవుతున్నాయి, అది నిజమే. కానీ నేను అడిగేది మామ కోసం కాదు. నాకు మీరు కావాలి.

అమరేష్, ఇంటికి రండి.

ఇట్లు,
వాకిట్లో మీ పేరు చూసుకుంటూ,
మీ భార్య
గంగరత్న