ఒక సీసా రక్తనాళాలు

అల్వాల్, సికింద్రాబాద్
ఏప్రిల్ 6

చిరంజీవి కల్పలతను దీవించి చిన్నమ్మ పుష్పమ్మ రాస్తున్నది.

ఫోన్ చేస్తే "ల్యాబ్‌లో ఉన్నా చిన్నమ్మా" అని పెట్టేస్తావు. ఉత్తరాన్ని అలా పెట్టెయ్యలేవు కదా!

పేపర్లో నీ ఫొటో చూశాను. గాయమైన చోట కొత్త రక్తనాళాలు మొలిపించే కిటుకు కనిపెట్టావట. కల్పలత అని పేరు పెట్టినందుకు ఒంట్లో కూడా తీగలే పెంచుతున్నావు! కాలనీ అంతా తిరిగి చెప్పాను.

మన పక్కింటి వరహాలబాబుగారికి షుగరు. కొత్త చెప్పు కరిచి కాలి వేలు దగ్గర పుండు పడింది. మూడు నెలలైనా మానడం లేదు. నీ రక్తనాళాలు ఒక సీసా పంపించు.

నీ చిన్నమ్మ

తా.క.: పోయిన ఉత్తరంలో 'కృతజ్ఞత' తప్పు రాశావు. తెలుగు టీచరు పెంచిన పిల్లవు, పదిసార్లు రాసి పంపు.


పుణె
ఏప్రిల్ 12

చిన్నమ్మకు కల్ప నమస్కారాలు.

సీసా ఏమీ లేదు చిన్నమ్మా! మన రక్తంలోని తెల్లకణాలు రోగాలతో పోట్లాడటమే కాదు, గాయం దగ్గర చేరి "ఇక్కడికి రక్తం కావాలి" అని కబురు పెడతాయి. అది అందుకుని పాత నాళాల నుంచి కొత్తవి చిగురిస్తాయి. ఆ కబురు మోసే పదార్థం ఒకదాన్ని మేం ఎలుకల్లో గుర్తుపట్టాం. ఇంకా ఎందరో పనిచేస్తే ఎప్పటికో మందవుతుంది.

షుగరున్న మనిషికి మూడు నెలల పుండంటే మాటలు కాదు. నల్లబడిందా? నొప్పి ఉందా? బాబుగారిని వెంటనే ఆసుపత్రికి పంపండి.

మీ కల్ప

తా.క.: పదిసార్లు రాశాను, వెనక చూడండి. ఏడోది మా ప్రొఫెసర్ ముందే రాశాను. ఫార్ములా అనుకున్నారు.


అల్వాల్
ఏప్రిల్ 18

కల్పా, ఆశీస్సులు.

ఎలుకలకు ఇస్తావు, పక్కింటాయనకు ఇవ్వవా?

పుండు నల్లబడలేదు. అంచులు తెల్లగా, నడుమ ఎర్రగా ఉంది. నొప్పి అసలు లేదు. స్నానానికి ప్లాస్టిక్ కవరు కట్టాలి, నిద్రలో దుప్పటి తగిలితే అంటుకుంటుంది. ఇవన్నీ ఆయనే గోడ మీదుగా చెప్పారు. ఆసుపత్రికి మాత్రం వెళ్లరట. వెళితే వేలు తీసేస్తారని భయం.

చిన్నమ్మ

తా.క.: మొలిచే నాళం దారి తప్పి పక్క వేలికి పోతుందా అని ఆయన సందేహం.


పుణె
ఏప్రిల్ 23

చిన్నమ్మా,

నొప్పి తెలియకపోవడమే అసలు ప్రమాదం. నాకు నిద్ర పట్టడం లేదు. నా కాలేజీ స్నేహితుడు డాక్టర్ ఆషర్ పద్మారావు నగర్‌లో కాలి పుండ్ల క్లినిక్ నడుపుతున్నాడు. మంగళవారం ఉదయం నేరుగా వరహాలబాబుగారి ఇంటికే వస్తాడు.

కల్ప

తా.క.: పేషెంటు మొండివాడు, ఏమీ లేదంటాడు, నమ్మొద్దని ఆషర్‌కు చెప్పాను.


అల్వాల్
మే 20

కల్పా,

నీ ఉత్తరమూ డాక్టరూ ఒకేసారి వచ్చారు. కవరు చింపే లోపే పక్కింట్లో కేకలు!

బాబుగారు ప్యాంటు మడిచి పూలకుండీలకు నీళ్లు పోస్తున్నారు. డాక్టరుతో వచ్చిన ఇద్దరు నర్సులు చెరో చెయ్యి పట్టుకుని కుర్చీలో కూలేశారు.

"నా కాలికేటైందండీ? ఒగ్గీయండి!"

"అందరూ ఇట్లనే అంటరు సార్, కూసోండి."

రెండు పాదాలూ తిప్పి తిప్పి చూశారు. పసిపిల్లాడి పాదాల్లా ఉన్నాయి! ఆషర్ తల గోక్కుని "మరి పుండు ఎవరిది?" అన్నాడు.

గోడ మీంచి చూస్తున్న నేను చటుక్కున వెనక్కి వంగాను. మీ చిన్నాయన హరికిషన్ నా పాదాల వంకే చూస్తున్నారు.

"మూడు నెల్ల సంది ఇంట్ల సుత సాక్సులేసుకుంటున్నవ్. అడిగితే చలి అంటివి. ఎండకాలంల చలేందే పుష్పా?"

అవునమ్మా, పుండు నాది, షుగరూ నాదే. అందరికీ నీ గొప్ప చెప్పుకున్నాను. సైంటిస్టు చిన్నమ్మకే పుండు మానలేదంటే నీ పరువేం కావాలి? వేలు పోతుందన్న భయం కూడా నిజమే.

మోకాలి కింద నాళం పూడిపోయిందట, ఆసుపత్రిలో చేర్చి తెరిపించారు. "మీ తెల్లకణాలు పాపం మూడు నెలలుగా కబురు పెడుతూనే ఉన్నాయాంటీ, దారే మూసుకుపోయింది" అన్నాడు ఆషర్. నీ వ్యాసం చదివాడట. వేలు దక్కింది. పుండు అంచున గులాబీ రంగు చర్మం వస్తోంది. చూసి ఏడ్చాను.

బాబుగారికి క్షమాపణ చెప్పాను. ఆయన ఇంకా ముఖం ముడుచుకునే ఉన్నారు. ఆయన భార్య గంగాదేవి మాత్రం ఆరోజే, అందరూ వెళ్లబోతుంటే, చీర కుచ్చిళ్లు కాస్త ఎత్తి "డాక్టరుబాబూ, నా మడమ కూడా ఓపాలి సూడండి. ఆరు నెల్లైంది" అంది. బాబుగారు కుర్చీలోంచి లేవలేదు.

నీ చిన్నమ్మ

తా.క.: ప్రతి మంగళవారం ఇద్దరం డ్రెస్సింగ్‌కి వెళ్తున్నాం. అక్కడ కాళ్లు దాచుకుని కూర్చున్నవాళ్లకు తెల్లకణాల పాఠం నేను చెబుతాను, భయపెట్టే పని గంగాదేవిది. నిన్న ఆషర్ మా పాఠాల కోసం వేరే బల్ల వేయించాడు.